వార్డు నుంచే ప్రశ్న తీసుకో, బిడ్డా

బిడ్డా,

పీహెచ్‌డీలో చేరనా పెద్దమ్మా, ఈ వయసులో నాకు అవసరమా అని అడిగావు. ఫోన్లో "చేరు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను గానీ, ఆ మాట వెనక ఉన్నదంతా నీకు చెప్పలేదు. నీకు నర్సింగ్ ఎమ్మెస్సీ అయింది, కాలేజీలో ట్యూటర్ ఉద్యోగం ఉంది, పిల్లాడు ఇప్పుడిప్పుడే బడికి పోతున్నాడు. మళ్ళీ పుస్తకాలు పట్టుకుంటే ఇంట్లో ఏమంటారోనని భయం. అది ఉండేదే. కానీ అంతకన్నా పెద్ద సందేహం ఒకటి నీ గొంతులో వినిపించింది. అన్నేళ్ళు కష్టపడి చివరికి చేసేదేమిటి, ప్రిన్సిపాల్ కుర్చీ కోసమేనా అని. నేను రాసేది ఆ సందేహం గురించే.

కుర్చీ కోసమైతే ఇంత శ్రమ వద్దు. ప్రిన్సిపాల్ కావడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అడిగేది ఎమ్మెస్సీ, ఆ పైన బోధించిన అనుభవం. పీహెచ్‌డీ ఉంటే మంచిదన్నారు గానీ తప్పనిసరి అనలేదు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడానికైతే అసలే వద్దు. ఆ ముచ్చట కొన్నాళ్ళకే తీరిపోతుంది, తర్వాత మిగిలిన ఏళ్ళు నెట్టుకురావడానికి లోపల ఇంకేదో ఉండాలి. నీలో అది ఉందని నాకు తెలుసు కనకే చేరమన్నాను. విద్యార్థినుల్ని వార్డుకి తీసుకెళ్ళి వచ్చిన రోజు నువ్వు నాతో మాట్లాడే తీరు వేరు, క్లాసులో నోట్సు చెప్పి వచ్చిన రోజు మాట్లాడే తీరు వేరు. "పెద్దమ్మా, పుస్తకంలో ఒకటుంది, అక్కడ జరిగేది ఇంకొకటి" అంటావు చూడు, డాక్టరేట్ చెయ్యాల్సింది ఆ మాట మీదే.

మన చదువు ఎంత మెల్లగా ఇక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూడు. 1946లో దేశ ఆరోగ్య సేవల్ని పరిశీలించిన భోర్ కమిటీ తన నివేదికలో దేశం మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులని లెక్క తేల్చింది. అంటే దాదాపు 43,000 మంది జనానికి ఒక్కరు. ఆ ఏడాదే ఢిల్లీలోనూ, వేలూరు సీఎంసీలోనూ నర్సింగ్ డిగ్రీ మొదలైంది. ఇప్పుడు రాజకుమారి అమృత్ కౌర్ పేరుతో ఉన్న ఆ ఢిల్లీ కాలేజీలో 1959లో ఎమ్మెస్సీ పెట్టారు. ఢిల్లీ యూనివర్సిటీలో నర్సింగ్ పీహెచ్‌డీ వచ్చింది 1992లో. డిగ్రీకీ డాక్టరేట్‌కీ మధ్య 46 ఏళ్ళు పట్టింది. మా తరంలో చాలామంది ఆ మెట్టు ఉందని తెలియకుండానే రిటైరయ్యాం.

అమెరికాలో ఇంకా ముందే జరిగింది. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన టీచర్స్ కాలేజీలో అడిలైడ్ నటింగ్ అనే ఆవిడ 1907లో ప్రొఫెసర్ అయ్యింది. ప్రపంచంలో ప్రొఫెసర్ అయిన మొదటి నర్సు ఆవిడే. 1924లో నర్సుల కోసం డాక్టరేట్ చదువు మొదలుపెట్టింది కూడా ఆ కాలేజీయే. అది వైద్య కళాశాల కాదు, పంతుళ్ళను తయారుచేసే కళాశాల. నర్సుల మొదటి డాక్టరేట్ పాఠం చెప్పే పని కోసమే పుట్టిందన్నమాట. నువ్వు పీహెచ్‌డీలో నర్సింగ్ విద్య, నాయకత్వం అనే దారి ఎంచుకుంటానంటున్నావు కదా. అదేదో పక్కదారి అని నీ కాలేజీలో ఎవరైనా అంటే, ఈ సంగతి చెప్పు.

ఇక అసలు విషయానికి వస్తాను. పరిశోధన మన పనిలో ఏం మార్చగలదో ఒక ఉదాహరణ చెబుతాను. కాన్పు తర్వాత రక్తస్రావం నీకు కొత్త కాదు. మేము లేబర్ రూములో నేర్చుకున్నది కంటి అంచనా. కింద పరిచిన గుడ్డ తడిసింది, ట్రేలో ఇంత ఉంది, నేల మీద కొంత పోయింది, మొత్తం చూసి "కొంచెం ఎక్కువే పోయింది" అని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పేవాళ్ళం. పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా, మెత్తగానే ఉందా చూసేవాళ్ళం. నాడి పట్టుకునేవాళ్ళం. చెయ్యి తిరిగిన సిస్టర్లు బాగా కనిపెట్టేవాళ్ళు, అందులో అనుమానం లేదు. కానీ "కొంచెం ఎక్కువే" అనే మాటకీ, డాక్టరుగారికి ఫోన్ చేయడానికీ మధ్య ఎంత సమయం పోయేదో ఎక్కడా రాసి లేదు.

2023లో ఈ-మోటివ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, మామూలు కాన్పు అయిన 2 లక్షల పైచిలుకు తల్లులు. సగం ఆసుపత్రుల్లో తల్లి నడుం కింద ఒక ప్లాస్టిక్ షీటు పరిచారు. దాని సంచిలో రక్తం పడుతుంది, సంచి మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. గీత దాటిందంటే ఒకదాని తర్వాత ఒకటి అని ఆగకుండా అన్నీ వెంటనే చెయ్యాలి: గర్భసంచి మర్దన, గర్భసంచి గట్టిపడే మందు, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడి నుంచి రక్తం వస్తుందో పరీక్ష, తగ్గకపోతే పై వాళ్ళకి కబురు. గీతల షీటు ఉన్న చోట రక్తస్రావాన్ని 93 శాతం కేసుల్లో పట్టుకున్నారు. పాత పద్ధతిలో పట్టుకున్నది 51 శాతం. అంటే కంటి అంచనాతో దాదాపు సగం కేసులు జారిపోయాయి. ప్రాణం మీదికి తెచ్చే స్థాయి రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు అన్నీ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి.

ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు, బిడ్డా. అన్నీ పాతవే, మన లేబర్ రూముల్లో ట్రేలో ఉండేవే. మారింది ఏమిటంటే, ఒకటి కొలత. రెండు, అక్కడే డ్యూటీలో ఉన్నవాళ్ళకి బొమ్మ మీద చేయించి నేర్పడం. మూడు, ప్రతి ఆసుపత్రిలో ఒక మంత్రసాని నర్సునో, డాక్టర్నో ముందు నిలబెట్టి, నెల నెలా మన లెక్క ఎలా ఉందో అందరికీ చూపించడం. కావలసినవన్నీ ఒక సంచిలోనో ట్రాలీలోనో చేతికందేలా పెట్టడం. అంటే నేర్పడం, ముందుండి నడిపించడం. నువ్వు చదవబోతున్నవి ఇవే. ఈ రెండూ ఆఫీసు గదిలో జరిగే పనులని ఎవరైనా అనుకుంటే ఆ సంచి మీద గీత చూపించు.

నర్సుల సంఖ్య గురించీ ఇలాగే. వార్డులో మనుషులు చాలడం లేదని మేము ఎన్నిసార్లు మొత్తుకున్నా అది గోడుగానే మిగిలింది. లిండా ఐకెన్ అనే నర్సు డాక్టరేట్ చేసి, దాన్ని లెక్కగా మార్చింది. పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు తీసుకుని, ఒక్కో నర్సు చేతి కింద ఒక్కో రోగి పెరిగేకొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే ప్రమాదం 7 శాతం పెరుగుతుందని 2002లో చూపించింది. తర్వాత 2014లో 9 యూరప్ దేశాల్లో చూస్తే, డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణాల ప్రమాదం 7 శాతం తగ్గుతోందని తేలింది. గోడు విని తల ఊపి వెళ్ళిపోయే అధికారి, ఇలాంటి లెక్క ముందు పెడితే కూర్చుని వినాల్సి వస్తుంది. మన దేశంలో బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని కౌన్సిల్ చెబుతుంది. నైట్ డ్యూటీలో ఎందరికి ఒకరు ఉంటున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ తెలుగు నేల మీద ఆ తేడా వల్ల ఏం జరుగుతోందో ఓపికగా కూర్చుని రాసేవాళ్ళు కావాలి.

అందుకే నీ ప్రశ్నని ఊరికే వదలకు. మన వాళ్ళ థీసిస్సులు కొన్ని చూశాను. ఫలానా విషయంపై విద్యార్థినులకు ఎంత తెలుసు అని ఒక ప్రశ్నాపత్రం, ఒక పాఠం, మళ్ళీ అదే ప్రశ్నాపత్రం, మార్కులు పెరిగాయని ముగింపు. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు ఎందుకు? తేలిగ్గా అయిపోతుందని గైడు చెప్పినా ఆ దారి పట్టకు. పాఠం విన్న పిల్ల ఆరు నెలల తర్వాత వార్డులో చెయ్యి కడుక్కుంటుందా, రాత్రి రెండింటికి నాడి లెక్కపెడుతుందా, తేడా కనపడితే పెద్దవాళ్ళని నిద్ర లేపే ధైర్యం చేస్తుందా అనేది ప్రశ్న. కష్టమైన ప్రశ్నే. చెయ్యదగిందీ అదే.

నువ్వు కొత్తగూడెంలో పుట్టడం ఈ విషయంలో నీ అదృష్టం. 2022 నవంబరులో మన ఊళ్ళో మెడికల్ కాలేజీ తెరిచేదాకా ఈ జిల్లా నుంచి పేషెంట్లు వెళ్ళడమే తప్ప డాక్టరీ చదువు ఇక్కడికి రాలేదు. మన చుట్టూ ఉన్న వార్డులు ఎలాంటివో బయటివాళ్ళకి తెలియదు. ఒక మంచం మీద బొగ్గు బాయిలో దిగి ఊపిరితిత్తులు పాడైన సింగరేణి కార్మికుడు, పక్క మంచం మీద చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో వచ్చిన కోయ తల్లి. భద్రాచలం ఆసుపత్రికైతే చింతూరు వైపు ఆంధ్రా జనం వస్తారు, కుంట వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, మల్కన్‌గిరి నుంచి ఒడిశా వాళ్ళు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని గొడవలకి తట్టుకోలేక ఇటు వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ కుటుంబాలున్నాయి. వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, మన సిస్టర్లకి వాళ్ళ మాట రాదు. గోదావరి పొంగిందంటే ఇంకో కథ. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. అలాంటప్పుడు నెలలు నిండిన గర్భిణుల్లో ముందే ఏ ఊళ్ళ నుంచి ఎవర్ని తేవాలో ఏఎన్ఎం దగ్గర జాబితా ఉంటుంది. ఎవరి భర్త పంపడు, ఎవరి అత్త ఒప్పుకోదు, ఏ గుంపు పెద్దతో మాట్లాడితే పని అవుతుంది, ఇదంతా ఆమె మనసులో ఉంటుంది.

తేజావత్ సుశీల పేరు నువ్వు విన్నావు కదా. మన జిల్లా ఎర్రగుంట పీహెచ్‌సీలో ఏఎన్ఎం. 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు అందుకుంది. గుత్తికోయ గూడేలకి టీకాలు, వైద్యం అందించినందుకు దేశం ఆమెని గుర్తించింది. ఆరోజు మన అందరికీ ఎంత గర్వంగా ఉండిందో! ఆ సంతోషంలోనే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి ఏఎన్ఎంలు రిటైరైనప్పుడు వాళ్ళతో పాటే ఎంత విద్య వెళ్ళిపోతుంది! టీకా అంటే భయపడి అడవిలోకి పోయే తల్లి దగ్గరికి మొదటిసారి ఎలా వెళ్ళాలి, సూది సంగతి ఏ రోజు ఎత్తాలి, ఏ రోజు ఎత్తకూడదు, ఇవి ఏ నర్సింగ్ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి? 2021లో కౌన్సిల్ కొత్త బీఎస్సీ సిలబస్ తెచ్చి సెమిస్టర్లు చేసింది, పని చేతనవడాన్ని బట్టి నేర్పాలంది. మంచిదే. కానీ ఆ చేతనవడమేమిటో ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్ళకి ఎర్రగుంట తెలిసే అవకాశం లేదు. తెలియజెయ్యాల్సింది నువ్వు.

ప్యాట్రిషియా బెనర్ అనే అమెరికా నర్సు సరిగ్గా ఈ పనే చేసింది. అనుభవం పండిన నర్సుల దగ్గర కూర్చుని, వాళ్ళు చేసినవి చెప్పించుకుని, కొత్తగా వచ్చిన పిల్ల చెయ్యి తిరిగిన నర్సు అయ్యేలోపు అయిదు దశలు దాటుతుందని 1984లో పుస్తకం రాసింది. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పుస్తకం చెబుతున్నారు. ఆమె విన్నది కాలిఫోర్నియా ఆసుపత్రుల్లోని నర్సుల్ని. మన ఏజెన్సీ ఏఎన్ఎంలని అంత శ్రద్ధగా విని రాస్తే ఏం తేలుతుందో చూడాలని నాకు ఎంత ఆశో!

ఇంకో ప్రశ్న కూడా చెబుతాను, నచ్చితే తీసుకో. కోయ పిల్లల్లో సికిల్ సెల్ ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగిపోయి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే వచ్చే ఆ ఎముకల నొప్పి నువ్వు చూసే ఉంటావు. 2047 కల్లా దీన్ని లేకుండా చెయ్యాలని 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందికి రక్తపరీక్ష అన్నారు. పరీక్ష సరే, నొప్పితో వార్డుకి వచ్చిన పిల్ల సంగతి? ఎంత నొప్పి అని మనం అడిగేది సున్నా నుంచి పదిలోపు అంకె చెప్పమని. చిన్నపిల్లలైతే ఆరు ముఖాల బొమ్మలు చూపిస్తాం, నవ్వుముఖం నుంచి ఏడుపుముఖం దాకా. అవి 1980ల మొదట్లో ఓక్లహోమాలో కాలిన గాయాలతో ఉన్న పిల్లల కోసం డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ కలిసి తయారుచేసినవి. గొప్ప పని. అయితే దుమ్ముగూడెం వైపు గూడెం నుంచి వచ్చి, గోడ వైపు తిరిగి ముడుచుకుని, అడిగినదానికల్లా ఊ కొట్టే పిల్ల ఆ ముఖాల్లో దేన్ని చూపిస్తుంది? చూపించకపోతే ఆమెకి మందు ఎప్పుడు అందుతుంది? పక్కన మంచంలో గట్టిగా అరిచే పిల్లాడికి ముందు అందుతుందా? దీన్ని మన నర్సులకి ఎలా నేర్పాలి? ఇందులో ఒక డాక్టరేట్‌కి సరిపడా పని ఉంది. కోయ మాట కాస్త నేర్చుకోకుండా మాత్రం ఇది కాదు.

గూడేల్లోకి వెళ్ళేటప్పుడు ఒక జాగ్రత్త. పరిశోధనలో నైతికత గురించి ఐసీఎంఆర్ ఇచ్చిన 2017 మార్గదర్శకాలు పదేపదే చదువుకో. ఊరి పెద్ద సరేనంటే సరిపోదు. ముందు ఆయన్ని అడగాలి, ఆ తర్వాత ప్రతి మనిషినీ విడిగా, వాళ్ళకి తెలిసిన మాటల్లో అడగాలి. వద్దంటే వచ్చే వైద్యంలో తేడా ఉండదని నమ్మకం కలగాలి. తెల్లబట్టలతో వెళ్ళి కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేసేస్తారు, బిడ్డా. వేసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. వాళ్ళ దగ్గర రాసుకున్నది వాళ్ళకి ఏం మేలు చేస్తుందో చెప్పలేకపోతే, ఆ పని ముట్టుకోకు.

నాయకత్వం అనే మాట నిన్ను భయపెడుతోందని నాకు తెలుసు. నువ్వు మెతకదానివి, ఎవరి మీదా గొంతు పెంచవు. మీ తాతగారు బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్. షిఫ్టు మనుషులు పనిలోకి దిగకముందే తాను ముందు వెళ్ళి, కర్రతో కప్పు తట్టి, శబ్దం విని, ఇక్కడ పర్వాలేదు, అక్కడ దిమ్మె కట్టాలి అని చెప్పేవాడు. ఆయనా మెతకమనిషే. వార్డులో నాయకత్వం నాకు తెలిసినంతవరకు అదే. మన తెలంగాణలోనే చూడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. అంతకు ముందే, 2017లో, ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులతో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. తల్లిని పడుకోబెట్టకుండా నడిపించడం, తోడు మనిషిని ఉండనివ్వడం, తొందరపెట్టకుండా కనిపెట్టుకుని ఉండటం నేర్పారు. 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. ఆ 30 మందీ ఎవరి మీదా గొంతు పెంచలేదు. కొత్తగా నేర్చుకున్నది లేబర్ రూములో నిలబడి చేసి చూపించారు.

పై స్థాయిలో కూడా మన మాట వినిపించాల్సిన సమయం ఇది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అలాంటి చోట్ల సిలబస్ గురించి, సిబ్బంది గురించి మాట్లాడటానికి ఏజెన్సీ వార్డు తెలిసి, చేతిలో ఆధారం ఉన్న నర్సులు కూర్చోవాలి. డాక్టరేట్ వల్ల నీకు దొరికే మేలు ఇదే. నీ మాటకి సాక్ష్యం ఉంటుంది, సాక్ష్యం ఉన్న మనిషిని కుర్చీ లేదని పంపించెయ్యడం కష్టం.

ఇక చేరే సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఏర్పాటుచేసిన జాతీయ పీహెచ్‌డీ కన్సార్షియం ఉంది, హైదరాబాద్ గవర్నమెంట్ నర్సింగ్ కాలేజీ దాని కేంద్రాల్లో ఒకటి. ఆ నోటిఫికేషన్ చూస్తూ ఉండు. మిగతా యూనివర్సిటీలవీ చూడు, కానీ ఫీజు కట్టేముందు ఆ యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉందా, నీ సబ్జెక్టులో గైడుగా ఉండే అర్హత ఉన్నవాళ్ళు నిజంగా అక్కడ ఉన్నారా కనుక్కో. ఏడాదిలో ఇప్పిస్తాం, థీసిస్ మేమే రాయిస్తాం, గౌరవ డాక్టరేట్ ఇస్తాం అనేవాళ్ళ ఫోను ఎత్తకు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్ళు, మామూలు గడువు ఆరేళ్ళు. ఆడవాళ్ళకి అదనంగా రెండేళ్ళ వెసులుబాటు ఉంది, ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల దాకా సెలవు ఉంది. ఉద్యోగంలో ఉంటూ పార్ట్‌టైమ్ చెయ్యొచ్చు, పనిచేసే చోట నుంచి అనుమతి పత్రం కావాలి. నువ్వు చేరే యూనివర్సిటీ సొంత నిబంధనలు పక్కన పెట్టుకుని చదువు, మాటల్లో చెప్పింది నమ్మకు.

అమెరికాలో ఉన్న నీ ఫ్రెండు డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) చేస్తోందని చెప్పావు. అది వేరే దారి. కెంటకీ యూనివర్సిటీలో 2001లో మొదలైంది, రోగుల దగ్గర పనిచేసే నర్సులకి, ఆసుపత్రి నడిపేవాళ్ళకి పనికొచ్చే డాక్టరేట్. మన దేశంలో నువ్వు బోధనలో ఉండాలంటే పీహెచ్‌డీయే సరైంది. జర్మనీ, గల్ఫ్, బ్రిటన్ అని మన పిల్లలు వెళ్తున్నారు, వెళ్ళనీ, ఇళ్ళు నిలబడుతున్నాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక చూస్తే అప్పటికి ప్రపంచంలో నర్సుల కొరత 59 లక్షలు. వాళ్ళకి మన పిల్లలు కావాలి. ఆ పిల్లల్ని తయారుచేసే టీచర్లు మనకి కావాలి.

గైడు విషయంలో పేరు చూసి వెళ్ళకు. ఆవిడ దగ్గర చేసినవాళ్ళు ఇద్దరు ముగ్గురిని కలువు. రాసింది చదివి తిప్పి ఇస్తారా, ఎన్నాళ్ళకి ఇస్తారు, సొంత పనులు చేయించుకుంటారా అని మొహమాటం లేకుండా అడుగు. ఎంత పెద్ద పేరున్నా నీ పేజీలు చదవని గైడు నీకు గైడు కాదు. లెక్కల భాగం మాత్రం డబ్బిచ్చి బయట చేయించుకోకు. స్టాటిస్టిక్స్ అంటే నీకు జంకు, తెలుసు. నేర్చుకో. రేపు వైవాలో నీ అంకెల గురించి అడిగితే నువ్వే చెప్పాలి. తర్వాత నీ విద్యార్థినులకి నేర్పాల్సిందీ నువ్వే.

ఇంట్లో మాట. మీ ఆయనతో ముందు మాట్లాడు, తర్వాత మీ అత్తగారితో. రహస్యంగా ఫారం నింపేసి తర్వాత చెప్పడం వద్దు. నెలకి ఎన్ని ఆదివారాలు పోతాయో, డేటా కోసం ఎన్ని నెలలు భద్రాచలం వైపు తిరగాలో, ఎంత ఖర్చవుతుందో ఒక కాగితం మీద రాసి చూపించు. మీ అత్తగారు పిల్లాణ్ణి చూసుకుంటానంటే అది ఆవిడ చేసే సాయమని అందరి ముందూ అను, థీసిస్ మొదటి పేజీలో ఆవిడ పేరు రాయి. పొద్దున వంటకి మనిషిని పెట్టుకో. ఆ డబ్బు దండగ అని ఎవరన్నా పట్టించుకోకు. ఒంట్లో బాగోలేని రోజు కాగితాలు మూసేసి పడుకో. మొదటి ఏడాది కోర్సు వర్కు అయిపోయాక మధ్యలో ఒక కాలం వస్తుంది, ఏమీ కదలదు, ఎథిక్స్ కమిటీ కాగితం రాదు, గైడు ఊళ్ళో ఉండరు, నీతో చేరినవాళ్ళు ముందుకెళ్ళిపోయినట్టు కనపడతారు. అప్పుడే చాలామంది మానేస్తారు. ఆ నెలల్లో వారానికి ఒక పూట వార్డుకి వెళ్ళి విద్యార్థినుల పక్కన నిలబడు, చదివింది ఎందుకో అక్కడ గుర్తొస్తుంది. నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

సినాప్సిస్ ఇంగ్లిషులో మొదలుపెట్టకు. నీ ప్రశ్న ముందు తెలుగులో, ఒక పేజీలో రాయి. పెద్ద మాటలు లేకుండా రాసి, పీహెచ్‌సీలో పనిచేసే ఒక ఏఎన్ఎంకి చదివి వినిపించు. "ఇది తేలితే నాకు పనికొస్తుంది మేడమ్" అందంటే నీ ప్రశ్న సరైంది. మొహం తేలేస్తే మళ్ళీ రాయి. ఆ పేజీ నాకూ పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను. దసరా సెలవులకి వస్తావు కదా. చర్ల వైపు పనిచేసి రిటైరైన సిస్టర్ ఒకావిడ మన వీధిలోనే ఉంటోంది, కోయ బాగా మాట్లాడుతుంది. నీ సంగతి చెప్పాను, రమ్మంది. రెండు మూడు పూటలు ఆవిడ దగ్గర కూర్చుందువుగాని. వచ్చేటప్పుడు పిల్లాణ్ణీ, మీ అత్తగారినీ కూడా వెంటబెట్టుకుని రా, భద్రాచలం వెళ్ళి రామయ్య దర్శనం చేయిస్తాను ఆవిడకి.

మీ పెద్దమ్మ
కొత్తగూడెం